నాలుగ్గోడల మధ్య... ఫైనల్!

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాలంటే వంద గజాల మైదానం కావాలి. అంత చోటు లేకపోతే? ఒకాయన కవరు మీద గీసిన బొమ్మే దానికి జవాబైంది. ఆ ఆటకూ హైదరాబాద్‌కూ, ఆ మాటకొస్తే దిల్‌సుఖ్‌నగర్ గల్లీకీ దూరపు చుట్టరికం ఉంది. అదేంటంటే...

సాయంత్రం ఆరు గంటలు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు. మెట్రో పిల్లర్ల పక్క నుంచి బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతుంటాయి. కోచింగ్ సెంటర్ల మెట్ల మీంచి పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుంపులుగా దిగుతుంటారు. ఆ హడావుడి వదిలేసి లోపలి గల్లీలోకి తిరిగితే మరో లోకం. రెండు హాస్టల్ భవనాల మధ్య, వరసగా నిలిపి ఉంచిన బైకుల పక్కన, ఉన్న ఆ కాస్త చోటులోనే క్రికెట్ మ్యాచ్ జోరుగా సాగుతుంటుంది. ఇటుకలే వికెట్లు. కరెంటు స్తంభమే బౌలర్ ఎండ్.

ఆ ఆట రూల్స్ ఏ పుస్తకంలోనూ కనిపించవు. బంతి ప్రహరీ దాటితే అవుట్. గోడకు తగిలి వచ్చిన బంతిని ఒంటిచేత్తో పడితే అవుట్. ఆంటీ వాళ్ల కిటికీకి తగిలిందా... అవుట్ ఒక్కటే కాదు, ఆ రోజుకి మ్యాచే బంద్!

చోటు చాలదని పిల్లలు ఆట మానేయరు. చోటుకు తగ్గట్టు ఆటనే కుదించేస్తారు. అడ్డొచ్చిన గోడను కూడా ఆటలోకి లాగేస్తారు. సరిగ్గా ఇదే పనిని అమెరికాలో ఒక పెద్దమనిషి చేశాడు. ఆయన కుదించింది క్రికెట్‌ని కాదు. హెల్మెట్లూ, భుజాల మీద ప్యాడ్లూ వేసుకుని పొట్టేళ్లలా ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌ని!

కవరు మీద పుట్టిన ఆట

1981 ఫిబ్రవరి 11. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. లోపల ఇండోర్ సాకర్ మ్యాచ్ జరుగుతోంది. అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్‌నే నాలుగ్గోడల మధ్య ఆడటం. ప్రేక్షకుల్లో జిమ్ ఫోస్టర్ అనే ఆయన ఉన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌ని నడిపించే ఎన్‌ఎఫ్‌ఎల్ సంస్థలో ఉద్యోగి. మ్యాచ్ చూస్తుంటే ఆయనకో ఆలోచన తట్టింది. 'సాకర్‌ని ఇలా లోపలికి తెచ్చినప్పుడు మన ఫుట్‌బాల్‌ని ఎందుకు తేకూడదు?'

చేతిలో ఒక పెద్ద కవరు ఉంది. దాని మీదే మైదానం బొమ్మ గీశాడు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంతమంది ఆటగాళ్లు... అన్నీ అక్కడే లెక్కేసుకున్నాడు.

అమెరికా నగరాల్లో ఐస్ హాకీ కోసం కట్టిన ఇండోర్ స్టేడియాలు చాలా ఉన్నాయి. మంచు రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. ఫోస్టర్ ఆటను అందులోనే ఇరికించాడు. మంచు మీద పలకలు పరిచి, వాటి మీద పచ్చిక లాంటి తివాచీ వేస్తే చాలు... మైదానం సిద్ధం!

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అసలు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం నిడివి వంద గజాలు. అంటే నాలుగున్నర పిచ్‌లు. ఫోస్టర్ మైదానం యాభై గజాలే. రెండు పిచ్‌లకు కాస్త ఎక్కువ. వెడల్పు కూడా దాదాపు సగానికి తగ్గింది. మొత్తం మీద పెద్ద మైదానంలో నాలుగో వంతు చోటు సరిపోయింది. జట్టుకు పదకొండు మంది బదులు ఎనిమిది మంది.

ఇండోర్ మైదానానికి చుట్టూ నాలుగడుగుల ఎత్తున గోడలు ఉంటాయి. వాటికి మెత్తని దిండ్లు కట్టారు. పరుగెత్తుతున్నవాడు గుద్దుకుంటే దెబ్బ తగలకుండా అన్నమాట. గోల్ స్తంభాలకు రెండు పక్కలా ఎత్తైన వలలు బిగించారు. వలకు తగిలి వెనక్కి వచ్చిన బంతి ఆటలో ఉన్నట్టే లెక్క. గోడకు తగిలి వచ్చిన బంతిని ఒంటిచేత్తో పట్టే గల్లీ రూల్ గుర్తొస్తోందా? ఫోస్టర్‌కి మన గల్లీ క్రికెట్ తెలిసి ఉండదు. కానీ ఇరుకు చోటు ఎవరికైనా ఒకటే పాఠం నేర్పుతుంది.

కబడ్డీ తెలిస్తే చాలు...

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే చాలామంది 'అదేదో మనకు అర్థంకాని ఆట' అని టీవీ చానల్ మార్చేస్తారు. నిజానికి కబడ్డీ చూసి పెరిగినవాళ్లకు అదేమంత కష్టం కాదు.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడు అవతలివాళ్లను ముట్టుకుని మధ్యగీత దగ్గరికి తిరిగి రావాలి. ఏడుగురు కలిసి అతణ్ని గీత దాటకుండా పట్టేస్తారు. ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకున్నవాడిది కూడా అలాంటి పరిస్థితే. తేడా ఏంటంటే అతను వెనక్కి రాకూడదు, ముందుకే వెళ్లాలి. ప్రత్యర్థులు అతణ్ని కాళ్లు పట్టుకునో, నడుం పట్టుకునో కింద పడేస్తారు. పడిన చోటి నుంచే తర్వాతి ఆట మొదలవుతుంది. అలా నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు అవకాశాలు. చివరి గీత దాటితే 'టచ్‌డౌన్', ఆరు పాయింట్లు. అంతే!

పెద్ద మైదానంలో నాలుగో అవకాశం వచ్చేసరికి చాలా జట్లు సాహసం చేయవు. బంతిని దూరంగా తన్నేసి ప్రత్యర్థికి అప్పగిస్తాయి. ఇండోర్ ఆటలో ఫోస్టర్ ఆ వెసులుబాటు తీసేశాడు. దాంతో ఆట ఆగదు, పాయింట్లు ఆగవు. పెద్ద మైదానంలో ఒక జట్టు ముప్పై పాయింట్లు చేస్తే గొప్ప. ఇక్కడ యాభై, అరవై మామూలు విషయం. టెస్టు క్రికెట్‌కి ట్వంటీ20 ఎలాగో అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఈ 'అరీనా ఫుట్‌బాల్' అలాగ.

మొట్టమొదటి ఫైనల్

కవరు మీది బొమ్మ మైదానం మీదికి రావడానికి ఐదేళ్లు పట్టింది. 1986 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో ప్రయోగాత్మకంగా ఒక మ్యాచ్ ఆడించారు. మరుసటి ఏడాదే లీగ్ మొదలైంది. జట్లు నాలుగంటే నాలుగే... పిట్స్‌బర్గ్, డెన్వర్, షికాగో, వాషింగ్టన్.

1987 ఆగస్టు 1. పిట్స్‌బర్గ్‌లో తొలి ఫైనల్. దానికి 'అరీనాబౌల్' అని పేరు పెట్టారు. పదమూడు వేల మందికి పైగా వచ్చారు. సొంత ఊళ్లో ఆడుతున్న పిట్స్‌బర్గ్ గ్లాడియేటర్స్‌ని డెన్వర్ డైనమైట్ 45-16 తేడాతో చిత్తు చేసింది. ఫోస్టర్ తన ఆటకు పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1990లో అది మంజూరైంది. ఒక ఆటకు పేటెంట్ ఉండటం అరుదే మరి!

ప్రేక్షకులకు అంతగా నచ్చడానికి కారణం ఒక్కటే... దగ్గరతనం. పెద్ద స్టేడియంలో ఎక్కడో పైన కూర్చుంటే ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాడికీ ఆటగాడికీ మధ్య నాలుగడుగుల గోడే అడ్డు. ఒక్కోసారి ఆటగాడు గోడ మీంచి దొర్లి ప్రేక్షకుల ఒళ్లోనే పడతాడు. బంతి ఎగిరొచ్చి చేతికి చిక్కితే ఇంటికి పట్టుకెళ్లొచ్చు కూడా. ఊళ్లో కబడ్డీ పోటీలకు గీత పక్కనే గొంతుక్కూర్చుని చూసినవాళ్లకు ఆ మజా ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

రెండు ఫైనల్స్ ఓడినవాడు

ఈ ఆటలో అందరూ తలుచుకునే పేరు విజేతది కాదు. ఓడినవాడిది. అతనే కర్ట్ వార్నర్.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడాలన్నది అతని కల. 1994లో గ్రీన్‌బే జట్టు శిక్షణ శిబిరానికి పిలిచి, కొన్నాళ్లకే వద్దని పంపేసింది. ఇల్లు గడవాలి. అయోవా రాష్ట్రంలోని ఓ సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దే పనికి కుదిరాడు. గంటకు ఐదున్నర డాలర్లు. అలాంటి సమయంలో ఫోస్టరే సొంతంగా పెట్టిన అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే ఇండోర్ జట్టు అతనికి చోటిచ్చింది.

1995 నుంచి మూడేళ్లు అక్కడ ఆడాడు. బంతి అందుకున్న క్షణంలోనే ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. ఆలోచిస్తూ నిలబడితే ఎదుటివాళ్లు మీద పడిపోతారు. ఇరుకు మైదానం అతని చేతికి వేగం నేర్పింది. 1996లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. సొంత నగరం డెమోయిన్‌లోనే మ్యాచ్. టాంపాబే చేతిలో 42-38తో ఓటమి. నాలుగు పాయింట్ల తేడా! 1997లో మళ్లీ ఫైనల్. ఈసారి అరిజోనా చేతిలో 55-33తో ఓటమి.

రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడినవాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అక్కడితో కథ అయిపోయి ఉంటే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. 1998లో సెయింట్ లూయిస్ రామ్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో అతనికి చోటు దొరికింది. అదీ బెంచీ మీద. 1999 సీజన్‌కు ముందు ఆ జట్టు ప్రధాన ఆటగాడు మోకాలికి గాయమై తప్పుకున్నాడు. గత్యంతరం లేక వార్నర్‌ని దింపారు. అతను ఆ ఒక్క సీజన్‌లోనే 41 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు.

2000 జనవరి 30. అట్లాంటాలో పైకప్పున్న జార్జియా డోమ్ స్టేడియం. అమెరికా మొత్తం టీవీల ముందు కూర్చునే సూపర్‌బౌల్ ఫైనల్. టెనెసీ టైటన్స్ మీద రామ్స్ 23-16తో ముందుంది. మిగిలింది ఆఖరి ఆరు సెకన్లు, ఒకే ఒక్క ఆట. టెనెసీ ఆటగాడు కెవిన్ డైసన్ బంతి అందుకుని గీత వైపు దూకాడు. మైక్ జోన్స్ అతని కాళ్లు పట్టేశాడు. కూతకు వెళ్లినవాడు పడిపోతూ మధ్యగీత కోసం చెయ్యి చాపినట్టు, డైసన్ బంతిని ముందుకు చాపాడు. గీతకు ఒక్క గజం దూరంలో ఆగిపోయాడు!

రామ్స్ గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు వార్నర్. ఆ సీజన్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే. 2017లో అమెరికన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కాడు. 2021లో అతని కథతో హాలీవుడ్‌లో సినిమా కూడా వచ్చింది. సూపర్‌మార్కెట్ అరల దగ్గరి నుంచి అక్కడికి చేరాడంటే, మధ్యలో ఉన్న మెట్టు ఆ యాభై గజాల మైదానమే. అది లేకపోతే అతను ఆడటానికి చోటే లేదు.

హైదరాబాద్‌కూ ఒక జట్టు

ఇక్కడే మన నగరం కథలోకి వస్తుంది.

2011 ఆగస్టులో ఒక వార్త అందరినీ ఆశ్చర్యపరిచింది. భారతదేశంలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్! పేరు ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా. పుణె మరాఠాస్, ఢిల్లీ డిఫెండర్స్, ముంబయి గ్లాడియేటర్స్ లాంటి జట్లతో పాటు మనకూ ఒకటి ఉంది. హైదరాబాద్ స్కైకింగ్స్!

దాని వెనక నిలబడ్డ అమెరికా ప్రముఖుల పేర్లు చూస్తే మరీ ఆశ్చర్యం. హాలీవుడ్ నటుడు మార్క్ వాల్‌బర్గ్ ఉన్నాడు. షికాగో జట్టుకు సూపర్‌బౌల్ అందించిన కోచ్ మైక్ డిట్కా ఉన్నాడు. మాజీ ఆటగాడు రాన్ జవోర్‌స్కీ ఉన్నాడు. కర్ట్ వార్నర్ కూడా ఉన్నాడు. వీళ్లలో ముగ్గురికి ఇండోర్ ఆటతో అనుబంధం ఉంది. డిట్కాకి వాటా ఉన్న షికాగో రష్ 2006 అరీనాబౌల్‌ని 69-61తో గెలిచింది. జవోర్‌స్కీ భాగస్వామిగా ఉన్న ఫిలడెల్ఫియా సోల్ 2008లో 59-56తో విజేతగా నిలిచింది. వార్నర్ సంగతి చూశాం కదా.

ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి? దేశంలో ఈ ఆట ఆడినవాళ్లే తక్కువ. అందుకే రగ్బీ, అథ్లెటిక్స్ వంటి ఆటల్లో ఉన్న కుర్రాళ్లను వెతికి పట్టుకున్నారు. అంతకుముందు హెల్మెట్టూ, భుజాల ప్యాడ్లూ ఒంటి మీద వేసుకుని ఎరగనివాళ్లే ఎక్కువ. వాళ్లకు కొత్త ఆటను ఓనమాల నుంచి నేర్పించారు.

2012లో తొలి సీజన్ మ్యాచ్‌లు జరిగాయి. హైదరాబాద్‌లో కాదు... ముంబయిలో కాదు... శ్రీలంకలో! కొలంబోలోని సుగతదాస స్టేడియంలో ఆడించి, చిత్రీకరించి, తర్వాత టీవీలో చూపించారు. ఫైనల్‌లో పుణె మరాఠాస్ 6-0 తేడాతో ఢిల్లీ డిఫెండర్స్‌ని ఓడించి తొలి విజేత అయింది. మొత్తం మ్యాచ్‌లో ఆరంటే ఆరు పాయింట్లు. ఆట నేర్చుకుని ఎన్నాళ్లో కాని కుర్రాళ్లు ఆడిన ఫైనల్ అది. ఆ ఆరు పాయింట్ల వెనక వాళ్లు పడ్డ కష్టం తక్కువేం కాదు.

కానీ స్కైకింగ్స్ హైదరాబాద్ పేరు పెట్టుకుని ఆడుతుంటే గ్యాలరీలో కూర్చుని ఈల వేయడానికి హైదరాబాదీకి అవకాశం లేదు. పుణె గెలిచిన రోజు పుణె వీధుల్లోంచి ఆ అరుపులు వినిపించే వీల్లేదు. అనుకున్న ప్రకారం రెండో సీజన్ వెంటనే రాలేదు. 'మన ఊరికి ఫుట్‌బాల్ జట్టు ఉండేదట' అంటే ఇప్పుడు చాలామంది 'అవునా!' అంటారు. డబ్బుంది, పేరున్నవాళ్లున్నారు, టీవీ ఉంది. ముందు వరసలో కూర్చునే మనిషి మాత్రం లేడు. ఫోస్టర్ ఆట మొత్తం నిలబడింది ఆ మనిషి మీదే కదా!

మట్టి నుంచి మ్యాట్‌కు

ఆ తర్వాత రెండేళ్లకు మరో ఆట లోపలికి వచ్చింది. కాకపోతే అది పక్కా మనది. కబడ్డీ!

ఊరి చెరువు గట్టు పక్కన, బడి ఆవరణలో, సంక్రాంతి పోటీల్లో మట్టి పూసుకుని ఆడిన చెడుగుడు 2014లో ప్రో కబడ్డీ లీగ్‌గా మారింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. పైన కప్పు, కళ్లు జిగేల్‌మనే లైట్లు, చుట్టూ జనం. పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఫోస్టర్ కవరు మీద గీసిన మైదానంలో ఇలాంటి కోర్టులు తొమ్మిది పడతాయి. ముంబయిలో జరిగిన ఆ ఏడాది ఫైనల్‌లో జైపూర్ పింక్ పాంథర్స్ 35-24తో యు ముంబాను ఓడించింది. తెలుగువాళ్ల జట్టుగా తెలుగు టైటాన్స్ రంగంలోకి దిగింది.

2024 మార్చి 1న పదో సీజన్ ఫైనల్‌కి మన హైదరాబాదే వేదిక. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో పుణేరి పల్టన్ 28-25తో హరియాణా స్టీలర్స్ మీద గెలిచింది. మూడు పాయింట్ల తేడా! ఆడింది పుణె, హరియాణా. చూసింది హైదరాబాదీలు. అయినా ఆ ఆట ఎవరికీ పరాయిదనిపించలేదు. ఎందుకంటే గ్యాలరీలో కూర్చున్నవాళ్లలో ఎంతోమంది చిన్నప్పుడు ఏదో ఒక మట్టి కోర్టులో 'కబడ్డీ కబడ్డీ' అని కూత పెట్టినవాళ్లే.

రెండు లీగ్‌లకూ తేడా అక్కడే ఉంది. కబడ్డీకి ముందు మట్టి ఉంది. మ్యాట్ తర్వాత వచ్చింది. ఫుట్‌బాల్‌కి ముందే మ్యాట్ వేశారు. కింద మట్టి లేదు.

మరి పిల్లలు ఎక్కడ ఆడాలి?

ఎల్బీనగర్ అంటే నల్గొండ, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు నగరం గుమ్మం. చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు అక్కడా, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ దిగిపోయారు. ఖాళీ స్థలాలు అపార్టుమెంట్లయ్యాయి. అపార్టుమెంట్ల మధ్య హాస్టళ్లు వచ్చాయి. సెల్లార్లలో ఒకప్పుడు పిల్లలు ఆడుకునేవారు, ఇప్పుడు కార్లు నిద్రపోతున్నాయి.

పేరు చూసి పొరబడేవాళ్లూ ఉంటారు. ఎల్బీ స్టేడియం ఎల్బీనగర్‌లో లేదు, బషీర్‌బాగ్‌లో ఉంది. రెండూ లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీదవే. గచ్చిబౌలి అయితే నగరానికి మరో చివర. ఈ పక్కవాళ్లకు చేరువగా ఉన్నది సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం. దాని పక్కనున్న మైదానం పేరు రాజకీయ సభలప్పుడు టీవీల్లో మారుమోగుతుంది. సభ జరిగే రోజు దారి మళ్లింపులన్నీ గుర్తుంటాయి. మిగతా రోజుల్లో అక్కడికి పిల్లాణ్ని చేయిపట్టుకుని తీసుకెళ్లే అమ్మానాన్నలు ఎందరు?

వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్, పై తరగతులకొస్తే కోచింగ్. 'ఆటలాడితే ర్యాంకు వస్తుందా?' అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు వినిపిస్తుంది. ఆ చదువులు ముగించుకుని ఎందరో అమెరికా విమానం ఎక్కుతారు. టెక్సస్‌లోని ఫ్రిస్కో నగరంలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. అక్కడ 2021 నుంచి కొన్ని సీజన్ల పాటు ఫ్రిస్కో ఫైటర్స్ అనే ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు ఆడింది. ఆ ఊళ్లో పెరిగే తెలుగు పిల్లలకు బడిలోనే ఫుట్‌బాల్ పరిచయమవుతుంది. ఇక్కడున్న తాతయ్య వీడియో కాల్‌లో 'క్రికెట్ ఆడుతున్నావా నాన్నా?' అని అడిగితే 'నో తాతయ్యా, ఫుట్‌బాల్' అంటాడు మనవడు. తాతయ్య మనసులో మెస్సీ ఆడే ఆట మెదులుతుంది. మనవడి చేతిలో ఉన్నది కోడిగుడ్డు ఆకారంలోని బంతి!

పడిపోయినా లేచే ఆట

ఇంతకీ ఫోస్టర్ ఆట ఏమైంది? చెప్పాలంటే దాని చరిత్ర కూడా టాకిల్‌కు పడిపోయి మళ్లీ లేచే ఆటగాడి లాంటిదే. డబ్బు ఇబ్బందులతో 2009 సీజన్ రద్దయింది. 2010లో మళ్లీ మొదలైంది. 2019 ఆగస్టులో ఆల్బనీ 45-27తో ఫిలడెల్ఫియాను ఓడించి కప్పు ఎత్తింది. అదే ఏడాది లీగ్ దివాలా తీసింది. 2024లో అదే పేరుతో మరోసారి మొదలుపెడితే సీజన్ మధ్యలోనే కొన్ని జట్లు చేతులెత్తేశాయి. మిగిలినవాళ్లు ఫైనల్ ఆడారు. ఎక్కడనుకున్నారు? న్యూజెర్సీలోని ఒక షాపింగ్ మాల్‌లో ఉన్న మంచు రింకులో! బిల్లింగ్స్ 46-41తో ఆల్బనీ మీద గెలిచింది. పదమూడు వేల మంది ముందు మొదలైన అరీనాబౌల్ మాల్‌లోకి చేరిందని కొందరు నవ్వుకున్నారు. ఎక్కడైతేనేం, ఫైనల్ ఆగలేదని మరికొందరు సంతోషించారు.

ఈలోగా ఈ ఆటకే ఇంకా చిన్న రూపం ఒకటి పెద్ద వేదిక ఎక్కేసింది. దాని పేరు ఫ్లాగ్ ఫుట్‌బాల్. జట్టుకు ఐదుగురే. కింద పడేయడాలు, గుద్దుకోవడాలు ఉండవు. నడుముకు రెండు గుడ్డ పట్టీలు కట్టుకుంటారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడి పట్టీ లాగేస్తే ఆట అక్కడితో ఆగినట్టే. హెల్మెట్ అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. ఒక బంతి, పది మంది పిల్లలు, కాస్త చోటు ఉంటే చాలు. అమ్మాయిలూ అబ్బాయిలూ ఎవరైనా ఆడొచ్చు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పురుషులకూ మహిళలకూ ఈ ఆట ఉంది. ఆ నిర్ణయం ఎక్కడ తీసుకున్నారో తెలుసా? 2023 అక్టోబరులో మన ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే! క్రికెట్‌కు ఒలింపిక్స్‌లో మళ్లీ చోటు దక్కింది కూడా అదే రోజు. క్రికెట్ వార్త ముందు ఇది ఎవరి కంటికీ ఆనలేదు.

కూత పెట్టినవాణ్ని తప్పించుకోవడం, నడుం వంచి పక్కకు జారుకోవడం, చేతికి చిక్కినట్టే చిక్కి గీత దాటేయడం... ఇవన్నీ మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేని విద్యలు. కావాల్సింది కొలంబోలో స్టేడియం కాదు. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో కాస్త చోటు, సాయంత్రం ఒక గంట సమయం. కర్ట్ వార్నర్‌కి దొరికింది కూడా అంతేగా... అందరూ వద్దన్నప్పుడు ఆడుకోవడానికి కాస్త చోటు!

దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో చీకటి పడింది. వీధిలైటు వెలిగింది. ఆఖరి ఓవర్, గెలవడానికి మూడు పరుగులు కావాలి. బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చింది. ఓ బుడతడు ఎగిరి ఒంటిచేత్తో పట్టేశాడు. "అవుట్!" అని ఒక జట్టు, "కాదు, రెండు గోడలకు తగిలింది!" అని ఇంకో జట్టు. గొడవ తేలేలోగా మేడ మీంచి అమ్మ పిలుపు... "ఒరేయ్, ట్యూషన్‌కి టైమైంది!"

ఫైనల్ రేపటికి వాయిదా పడింది. రేపైనా ఆ గల్లీ ఖాళీగా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.